బొరియల ఆఫీసులో బూడిద చిలుక

ఒక పెద్ద అడవిలో, అంటే మరీ అంత పెద్దదేం కాదు గానీ, నాలుగు ఆఫీసులు, ఒక ఆసుపత్రి, ఒక బడి పట్టేంత అడవిలో, బొరియల మంజూరు ఆఫీసని ఒకటుండేది. ఎవరికి బొరియ కావాలన్నా, ఉన్న బొరియకి ఇంకో గది తవ్వుకోవాలన్నా అక్కడ మంజూరు కావాలి. మోదుగాకు మీద అర్జీ రాసి కిటికీలో పెడితే, లోపలున్న అధికారి ఆకు అంచున పంటితో గాటు పెట్టాలి. ఆ గాటే సంతకం, ఆ గాటే ముద్ర.

పదకొండేళ్లుగా ఆ గాటు పెట్టవలసిన అధికారి ముంగిస నకులేశ్వరరావు. ఈ పదకొండేళ్లలో ఆయన పెట్టిన గాట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పళ్లు లేక కాదు. గాటు పెడితే పని అయిపోతుంది. పని అయిపోతే అర్జీదారు మళ్లీ రాడు. ఎవరూ రాకపోతే ఈ ఆఫీసెందుకని పైవాళ్లు అడుగుతారు. అందుకని ఆయన నాలుగు మాటలతో నెట్టుకొచ్చేవాడు. "రేపు రండి." "చూద్దాం." "ఫైలు పైన ఉంది." "రూల్సు ఒప్పుకోవు." కిటికీకి వెదురు తడిక కట్టించుకున్నాడు కాబట్టి అర్జీదార్లకి ఆయన గొంతే తప్ప ముఖం తెలియదు.

ఆయన భార్య హైమవతి గాయాల ఆసుపత్రిలో నర్సు. పొద్దున్నే వెళ్తే పొద్దు వాలాక వచ్చేది. ఈయనా అంతే. వాళ్లకి కపిల అని ఒక్కతే కూతురు, రెండో తరగతి. బడి మధ్యాహ్నానికి అయిపోయేది. అక్కణ్ణుంచి పొద్దుగూకేదాకా ఆ పిల్ల ఒక్కతే బొరియలో ఉండాలి. మొదట్లో గోడతో మాట్లాడుకుంది. తరవాత గోడ మీద పోతున్న చీమతో మాట్లాడబోతే, అది తనకి పనుందని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం కపిల తండ్రి తోక పట్టుకుంది.

"నాన్నా, నాకో చిలుక కావాలి. మాట్లాడే చిలుక."

"చూద్దాం," అన్నాడు నకులేశ్వరరావు.

"చూద్దాం కాదు. తెండి," అంది హైమవతి. ఆవిడ ఆసుపత్రిలో ఎలుగుబంట్లకి కూడా కట్లు కట్టే మనిషి, గొంతులో తేడా వస్తే ఆయనకి వెంటనే తెలిసేది.

అడవిలో అందరూ జంతువులే కదా, ఒకరు ఇంకొకర్ని పెంచుకోవడమేమిటని మీరు అడగొచ్చు. సింహం రాజైనప్పుడు అడగలేదు, చిలుక దగ్గర అడగడమెందుకు.

చిలుకలు కొండముచ్చు కిష్టప్ప దగ్గర దొరికేవి. కిష్టప్పకి సరుకుని ఆకాశానికెత్తడం అలవాటు. ఆ వెంటనే నిజం చెప్పేయడం ఇంకో అలవాటు. అందుకే వ్యాపారం అంతంతమాత్రంగా ఉండేది.

"ఇదిగో సార్, రామచిలుక. మన అడవిదే. ముత్యాల్లాంటి మాటలు."

"పగలంతా ఇంట్లో ఎవరూ ఉండం మరి."

"అయితే అరుస్తుంది సార్. ఏటి అవతల దాకా వినిపిస్తుంది."

"ఆ తెల్లదో?"

"కాకటూ సార్. సముద్రం దాటి వచ్చింది. ఒళ్లో పెట్టుకుని నిమురుతూ ఉండాలి. నిమిరేవాళ్లు లేకపోతే బెంగతో తన ఈకలు తనే పీక్కుంటుంది."

"పోనీ లవ్ బర్డ్సు?"

"జంటగా తీసుకెళ్తే వాటి లోకం వాటిది. మీరు ఇంట్లో ఉన్నారో లేరో కూడా పట్టించుకోవు."

"అవి బాగున్నాయి."

"పాప పలకరించినా తల తిప్పవు సార్."

నకులేశ్వరరావుకి విసుగొచ్చింది. "చూడు కిష్టప్పా, మేమిద్దరం ఉద్యోగస్తులం. మేం తెచ్చుకునేది అరవకూడదు, బెంగ పెట్టుకోకూడదు, మా కోసం ఎదురు చూడకూడదు. పిల్లతో మాత్రం మాట్లాడాలి. అలాంటి జాతి ఏదైనా ఉందా?"

కిష్టప్ప తోక గోక్కుంటూ ఆలోచించాడు. "ఉంది సార్. తీరికున్న అమ్మానాన్నలంటారు వాటిని. నా దగ్గర దొరకవు."

సొంతంగా నిర్ణయం తీసుకోవడం నకులేశ్వరరావుకి బొత్తిగా అలవాటు లేదు. మర్నాడు ఆఫీసులో కమిటీ వేశాడు. అధ్యక్షుడు పై అధికారి ఎలుగుబంటి భల్లూకస్వామి. సభ్యుడు ఫైళ్లు మోసే తాబేలు కూర్మయ్య.

"ఏది తక్కువ మాట్లాడితే అది తీసుకోండి," అన్నాడు భల్లూకస్వామి కళ్లు మూసుకునే. "నా నిద్ర పాడవకూడదు."

"చిలుక ఉండేది మా ఇంట్లో సార్, ఇక్కడ కాదు."

"ఏమో, ఎవరు చూడొచ్చారు," అని అధ్యక్షుడు అటు తిరిగి పడుకున్నాడు.

కూర్మయ్య మెడ బయటికి తీశాడు. "ఎక్కువ కాలం బతికేది చూసుకోండయ్యా. మాటిమాటికీ కమిటీ వేసే బాధ తప్పుతుంది."

బెంగపడే కాకటూని పక్కన పెడితే, కిష్టప్ప దగ్గరున్న వాటిలో ఎక్కువ కాలం బతికేది బూడిద చిలుక. ఒంటికి బూడిద రంగు, తోకకి ఎరుపు. యాభై ఏళ్లు ఎటూ పోదు. ఏ మాట విన్నా అదే గొంతుతో అంటుంది. కమిటీ ఏకగ్రీవంగా దాన్ని ఎంపిక చేసింది, అంటే కూర్మయ్య సరేనన్నాడు, భల్లూకస్వామి గురకపెట్టాడు.

"రోజుకి నాలుగు గంటలైనా దీంతో మాట్లాడాలి సార్," అని కిష్టప్ప మరీ మరీ చెప్పి పంపాడు. "ఏది ఎక్కువ వింటే ముందు అది పట్టుకుంటుంది. మిగతావి కడుపులో దాచుకుని ఎప్పుడో తీస్తుంది. ఎదురుగా ఏ ఆకు పెట్టినా కొరికేస్తుంది, అదొక్కటి చూసుకోండి."

కపిల దానికి కబుర్లు అని పేరు పెట్టింది. బడి నుంచి రాగానే పలకైనా కింద పెట్టకుండా దాని ముందు నిలబడి "అన్నం తిన్నావా?" అని అడిగేది. ఆ మాట తనని ఎవరైనా అడిగితే బాగుండునని ఆ పిల్లకి ఎన్నాళ్ల నుంచో ఉంది. చిలుక తల పక్కకి వంచి వినేది గానీ జవాబు చెప్పేది కాదు.

ఇల్లు కనుక్కుని వచ్చే అర్జీదార్లు పొద్దునా సాయంత్రం గుమ్మం దగ్గర బారులు తీరేవారు. నకులేశ్వరరావు తలుపు సందులోంచి తన నాలుగు మాటలూ వాళ్ల మీదికి వదిలేవాడు. కాబట్టి చిలుక ముందుగా ఏం పట్టుకుందో వేరే చెప్పక్కర్లేదు.

"కబుర్లూ, ఆడుకుందామా?" అని కపిల అడిగింది ఒక మధ్యాహ్నం.

"రేపు రండి," అంది చిలుక. అచ్చం నకులేశ్వరరావు గొంతే.

"ఒక కథ చెప్పవా?"

"రూల్సు ఒప్పుకోవు."

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చేసరికి కపిల మూల కూర్చుని ఏడుస్తోంది. "చిలుకని తెమ్మంటే ఇంకో నాన్నని తెచ్చావు," అంది. "ఒక నాన్న ఉన్నాడుగా నాకు. రెండో నాన్న కూడా ఆడుకోకపోతే ఎలా?"

పదకొండేళ్లలో ఎవరు ఎన్ని తిట్టినా దులిపేసుకున్న నకులేశ్వరరావుకి ఈ మాట మాత్రం గుండెల్లో గుచ్చుకుంది.

"ఇద్దరిలో ఎవరో ఒకరే ఇంట్లో ఉండండి," అంది హైమవతి పిల్లని దగ్గరికి తీసుకుంటూ. "రెండోవాళ్లు ఆఫీసుకి పోండి."

ఆవిడ కోపంలో అన్న మాట అది. మర్నాడు ఆయన చిలుకని వాపసు ఇచ్చేద్దామని బయల్దేరాడు. కిష్టప్ప ఇంకా చెట్టు దిగలేదు. సరేనని ఆఫీసుకి తీసుకెళ్లి, కుర్చీ వీపు మీద కూర్చోబెట్టి, నేరేడు పళ్లు తినొద్దామని బయటికి వెళ్లాడు.

తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర కుందేలు నిలబడి ఉంది. "అయ్యగారూ, నా బొరియ సంగతి?"

"ఫైలు పైన ఉంది," అంది చిలుక తడిక వెనక నుంచి.

"చిత్తం," అని కుందేలు దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

నకులేశ్వరరావు అక్కడే చతికిలబడి చాలాసేపు ఆలోచించాడు. తన ఉద్యోగం మొత్తం నాలుగు మాటలు. ఆ నాలుగూ చిలుకకి వచ్చు. అయితే తనకిక్కడేం పని?

ఆ రోజు మధ్యాహ్నం ఆయన కపిల కంటే ముందే ఇంటికి చేరాడు. ఆ పిల్ల గుమ్మంలో ఆగిపోయి, "జ్వరమా నాన్నా?" అంది. ఇద్దరూ తొక్కుడుబిళ్ల ఆడారు. ఆయనకి రాదు, గీత తొక్కేవాడు. కపిల చెయ్యి పట్టుకుని నేర్పింది. ఇంకో ఆట ఆడదామా అని అడిగినప్పుడు ఆయన నోటికి అలవాటుగా "రేపు" అని వచ్చింది. మింగేసి బిళ్ల అందుకున్నాడు. అలా రోజూ చిలుకని కుర్చీ మీద దింపేసి మధ్యాహ్నానికి ఇంటికి రావడం, సాయంత్రం వెళ్లి చిలుకని తెచ్చుకోవడం, రెండు వారాలు హాయిగా గడిచిపోయాయి.

ఆఫీసులో మాత్రం సంగతి వేరేగా నడుస్తోంది. ఎదురుగా ఆకు పెడితే కొరికేస్తుందని కిష్టప్ప చెప్పిన మాట నకులేశ్వరరావు మర్చిపోయాడు. చిలుక బల్ల మీదున్న మోదుగాకుల్ని ఒక్కొక్కటే తీసి అంచులు కొరకడం మొదలెట్టింది. గాటు కనబడితే చాలు, కూర్మయ్య ఎవరిదని అడక్కుండా మోసుకెళ్లి అర్జీదారుకి ఇచ్చేవాడు. పదకొండేళ్ల అర్జీలు పన్నెండు రోజుల్లో మంజూరైపోయాయి.

ముళ్లపంది పోలమ్మ ఆరునెలలుగా తిరుగుతోంది. వానల్లోగా బొరియ దొరక్కపోతే పిల్లలు తడిసిపోతారని ఆవిడ దిగులు. ఆ రోజు కూడా కిటికీ దగ్గరికొచ్చి "రేపు రమ్మంటారా బాబూ?" అని తనే అడిగేసింది.

లోపలి నుంచి చిన్నపిల్ల గొంతు వినిపించింది. "అన్నం తిన్నావా?"

పోలమ్మకి కళ్లనీళ్లు తిరిగాయి. ఆ కిటికీ దగ్గర ఆ మాట విన్నవాళ్లు అంతవరకు లేరు. సాయంత్రానికి ఆవిడ చేతికి గాటు పడిన ఆకు కూడా వచ్చింది. ఈ కబురు అడవంతా పాకి, చివరికి సింహం గారి తనిఖీ అధికారి నక్క జంబుకేశ్వరి చెవిన పడింది. బొరియల ఆఫీసులో పనులవుతున్నాయని వింటే ఎవరికి అనుమానం రాదు? ఆవిడ చెప్పాపెట్టకుండా దిగింది.

"మీ సర్వీసు ఎంత?" అని కిటికీలోంచి అడిగింది.

"ఫైలు పైన ఉంది."

"నా ప్రశ్నకి సూటిగా జవాబు చెప్తారా?"

"చూద్దాం."

అనుభవం ఉన్నవాడే అనుకుంది జంబుకేశ్వరి. ఆవిడ పొద్దుట్నుంచి మిగతా మూడు ఆఫీసులూ తిరిగి వచ్చింది. "అన్నం తిన్నావా?" అంది చిలుక. ఇలా అడిగిందెవరో చూద్దామని ఆవిడ తడిక పైకెత్తింది. కుర్చీ మీద చిలుక. అప్పుడే లేచిన భల్లూకస్వామి కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"ఈయనెవరు?" అంది జంబుకేశ్వరి.

చిలుక అని చెప్తే, ఇన్నాళ్లూ మీరేం చేస్తున్నారని తననే అడుగుతారు. భల్లూకస్వామి తడుముకోలేదు. "ముంగిస నకులేశ్వరరావు గారండి. పని ఒత్తిడికి కాస్త చిక్కిపోయి, బూడిదరంగు తిరిగారు."

"పాపం," అని ఆవిడ రాసుకుంది. "ఇలాంటివారిని కుర్చీలోంచి కదపొద్దు."

ఆ సాయంత్రం చిలుకని తెచ్చుకుందామని వెళ్లిన నకులేశ్వరరావుని కూర్మయ్య గుమ్మంలో ఆపేశాడు.

"అర్జీదార్లు కిటికీ దగ్గరికి వెళ్లాలండి."

"కూర్మయ్యా, నేనయ్యా."

"తెలుసండి. కానీ రిపోర్టు ప్రకారం మీరు లోపలున్నారు. లోపలున్నవారు మళ్లీ లోపలికి రాకూడదు."

అప్పుడు అర్థమైంది ఆయనకి. రెండు వారాలు తను లేకపోయినా పక్క కుర్చీకి కూడా తెలియలేదు. చాలా బాధేసింది. ఒక మోదుగాకు మీద "నేనే నకులేశ్వరరావుని" అని అర్జీ రాసుకుని, వరసలో అందరి వెనకా నిలబడ్డాడు. తన వంతు వచ్చింది.

"అయ్యా, ఆ కుర్చీ నాది," అన్నాడు తడిక ముందు.

"రేపు రండి," అంది లోపలి నుంచి తన గొంతు.

ఇవతలి నుంచి వింటే ఆ మాట ఎలా ఉంటుందో ఆయనకి అంతవరకు తెలియదు. అంతలో కిష్టప్ప చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆకు లోపలికి పెడితే చిలుక ఎలాగూ కొరికేస్తుంది, కుర్చీ తిరిగొస్తుంది. చెయ్యి చాచాడు.

"అన్నం తిన్నావా?" అంది చిలుక. ఈసారి కపిల గొంతు.

నకులేశ్వరరావు ఆకుని నాలుగు మడతలు పెట్టి, ఇంటికి వెళ్లిపోయాడు.

ఇల్లు గడవడానికి ఇబ్బందేం రాలేదు. ఆ పోస్టుకి జీతం కోడిగుడ్ల రూపంలోనే ఇవ్వాలని రూలు. గుడ్డు చూస్తే చిలుకకి ఒళ్లు జలదరిస్తుంది, కాబట్టి జీతం తిన్నగా ఇంటికి వచ్చేది. చిలుకకి ఆఫీసు వాహనం కూడా ఇచ్చారు. వాహనమంటే కూర్మయ్యే. ఎగిరితే రెండు నిమిషాల దారి, హోదాతో గంటన్నర పట్టేది.

ఒక సాయంత్రం చిలుక వాహనం దిగేసరికి వాకిట్లో తండ్రీకూతుళ్లు తొక్కుడుబిళ్ల ఆడుతున్నారు.

"కబుర్లూ, నువ్వూ వస్తావా?" అంది కపిల.

"రేపు రండి," అంది చిలుక అలసటగా, ముక్కు రెక్కలో దూర్చుకుంటూ.

"పోనీలే, పాపం ఆఫీసు నుంచి వచ్చింది," అంది కపిల. "నాన్న ఉన్నాడుగా." నకులేశ్వరరావు చిలుకకి మంచినీళ్లు పెట్టి వచ్చి, ఒంటికాలి మీద నిలబడ్డాడు. ఈసారి గీత తొక్కలేదు.

చిలుకని కొనబోయేవాళ్లు ఈ కథలోంచి తెలుసుకోవలసింది ఒక్కటే: ఉద్యోగస్తుల ఇంటికి నప్పే చిలుక ఏదంటే, వాళ్ల బదులు ఉద్యోగానికి వెళ్లేది.