ఓర్యో, సోసా, తైహో

ఆదివారం హైదరాబాద్‌లో జపనీస్ పరీక్ష. పాసైతే సుజనకు అక్కడి జపాన్ కంపెనీలో అనువాదకురాలి ఉద్యోగం ఖాయం. మిగతావన్నీ వచ్చేశాయి గానీ, రాజకీయాల, కోర్టుల పదాలే నోటికి పట్టడం లేదు. అందుకని పరీక్షకు మూడు రోజుల ముందు పొద్దున్నే ఖానాపురం హవేలి కాలనీలోని తమ మేడ ఎక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, అటూ ఇటూ తిరుగుతూ పైకి చదవడం మొదలుపెట్టింది.

"ఓర్యో. ఉమ్మడి సొత్తు సొంతానికి వాడుకోవడం. సోసా. దర్యాప్తు. తైహో. అరెస్టు."

పక్కింటి పెరట్లో పళ్లు తోముకుంటున్న రామ్‌చందర్ చెయ్యి ఆగిపోయింది. ఆయన కాలనీ సంఘం అధ్యక్షుడు. కాలిపోయిందని ఆయన చెప్పిన కాలనీ బోరు మోటారు, నిజానికి జూలూరుపాడులో ఆయన బావమరిది మిరపతోటను తడుపుతోంది. కాలనీ జనం ట్యాంకరు నీళ్లతో నెట్టుకొస్తున్నారు. ‘ఓర్యో’ ఆయన చెవికి ‘ఓరయ్యో’ అని వినపడింది. ఆ పిల్ల ఫోన్‌లో ఎవరికో తన మీద మొరపెట్టుకుంటోందనుకున్నాడు.

భార్య నాగలతను ఆరా తీయమని పంపాడు. సుజన తల్లి నిర్మలాదేవి దోసెలు పోస్తూ దాపరికం లేకుండా చెప్పింది.

"పొద్దున్నుంచి చట్టాలు, కోర్టు మాటలే వదినా. ఆదివారం హైదరాబాద్ పోయొస్తే అంతా తేలిపోద్ది."

నాగలత ఆ మాటలు ఉన్నవున్నట్టు మోసుకొచ్చి భర్తకు అప్పజెప్పింది. తన మాట కూడా ఒకటి కలిపింది.

"మా తమ్ముని పేరు బయటికి రావద్దు. నువ్వే పోయి ఒప్పుకో."

మధ్యాహ్నానికల్లా జూలూరుపాడు నుంచి ట్రాలీ ఆటోలో మోటారు వచ్చేసింది. రామ్‌చందర్ దాన్ని సుజన తండ్రి వెంకటరామారావు గుమ్మం ముందు దింపించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఏందని కాలనీవాళ్లు చేరారు.

"తప్పయింది అన్నా. అధ్యక్ష పదవి గూడ వద్దు నాకు. మీ పిల్లను కేసు మాత్రం ఆపమను."

"ఏం కేసు?" అన్నాడు వెంకటరామారావు.

సుజన మెట్లు దిగి వచ్చి, తాను చదివింది పరీక్ష పాఠమని, ఏ మాటకు ఏ అర్థమో వివరంగా చెప్పింది. రామ్‌చందర్ వెంటనే, మోటారును రిపేరుకు ఇచ్చానని, అది ఇవ్వాళే అయిందని చెప్పబోయాడు. అప్పటికే ఇద్దరు దాన్ని మోసుకుని బోరు దగ్గరికి పోయారు. రాజీనామాను కూడా ఎవరూ వెనక్కి ఇవ్వలేదు.

సాయంత్రానికి కుళాయిల్లో నీళ్లొచ్చాయి. సుజనను ఇకనుంచి ఇంట్లోనే చదువుకోమంది తల్లి. కాలనీవాళ్లు మాత్రం మేడ మీదే, ఇంకాస్త గట్టిగా చదవమన్నారు.

మర్నాడు పొద్దున, ఏడాదిగా కనిపించని కాలనీ ఇనుప నిచ్చెన, ఎవరూ అడగకుండానే వాచ్‌మన్ గది పక్కకు వచ్చి చేరింది.