మూలకు చుట్టిన దూది

కుట్టు కార్ఖానాలో అందరూ ఆమెను కంగారమ్మ అంటారు. ఆ ఉదయం మాత్రం కంగారుకు కారణముంది. భద్రత తనిఖీలో నెగ్గితే వెనక గదిని పనివాళ్ల పసిపిల్లలకు వదులుతానని యజమాని మాటిచ్చాడు. అప్పుడిక చంటివాణ్ణి అత్తగారి సణుగుడుకు అప్పగించి రానక్కర్లేదు. అందుకే అందరికంటే ముందొచ్చి, తనకు తెలిసిన పద్ధతిలో కార్ఖానా అంతా సర్దేసింది. ఆమెకు తెలిసిన పద్ధతి ఒక్కటే, ఇంట్లో పాకే పిల్లాడికోసం సర్దేది.

కత్తెరలన్నీ బీరువా మీదికెక్కాయి. ఎవరైనా మింగేస్తారేమోనని గుండీల డబ్బా కూడా వాటి పక్కనే చేరింది. అల్మరా తలుపులకు నాడాలు బిగిశాయి. బల్ల మూలలన్నిటికీ దూది చుట్టుకుంది.

కటింగ్ మాస్టరు వస్తూనే బల్లంతా తడుముకున్నాడు.

"నా కత్తెరేదమ్మా?"

"పైన పెట్టానన్నా. చేతికందితే ప్రమాదం కదా!"

"అందకపోతే గుడ్డని పళ్లతో కొరకమంటావా?"

సణుక్కుంటూ స్టూలెక్కి కత్తెర లాగాడు. దాంతోపాటు గుండీల డబ్బా దొర్లి, గుండీలు గదంతా పరుచుకున్నాయి. "ఏంటా గోల?" అంటూ పరుగెత్తుకొచ్చిన యజమాని వాటిమీద కాలేసి, నడుం పట్టుకుని కూలబడ్డాడు.

"చీపురు తెండర్రా!"

చీపురు అల్మరాలో ఉంది. అల్మరాకు కంగారమ్మ ముడి ఉంది. ముడి కోయాల్సిన కత్తెర మాస్టరు చేతిలో, మాస్టరేమో గుండీల నడుమ స్టూలు మీద!

సరిగ్గా అప్పుడే ఇన్‌స్పెక్టరు లోపలికొచ్చాడు. రెండడుగులేశాడో లేదో, సర్రున జారాడు. తల తిన్నగా బల్ల మూలకు తగిలింది. కంగారమ్మ కళ్లు మూసేసుకుంది.

చప్పుడు రాలేదు. దూది కదా!

ఆయన కూర్చున్నచోటే తల తడుముకుని, మూల తడిమి, ముడులన్నీ పరికించాడు. "ఎవరిదీ పని?"

"ఈవిడదే సార్! రేపట్నుంచి గడప తొక్కనివ్వను!" అన్నాడు యజమాని, నేలమీంచే వేలు చూపిస్తూ.

వెనక గది గాల్లో కలిసిపోయిందనుకుంది కంగారమ్మ. "మా వాడు పాకుతున్నాడండీ... ఆ అలవాటుకొద్దీ... తనిఖీలో నెగ్గితే వెనక గది పిల్లలకిస్తామన్నారని..." అంది.

"పెద్దవాళ్లు పనిచేసే చోట ఇలా సర్దకూడదమ్మా. ఇదంతా విప్పేయండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు. యజమాని వైపు తిరిగాడు. "పిల్లల గది మాత్రం ఈవిడే సర్దాలి. ముందు అది తెరవండి, ఆ తర్వాతే మిషన్లు తిరిగేది."

మర్నాడే వెనక గది తెరుచుకుంది. అందులో మొదటి పక్క యజమానికే పరవాల్సి వచ్చింది.