బుజ్జి కోసం చేసిన శిరస్త్రాణం

ఆదివారం పొద్దున దిద్దుబాటుగారు వేసుకున్న పథకం ఎంత సులువైనదంటే, దాన్ని చెడగొట్టాలంటే ఆయనంత తెలివైన మనిషే కావాలి. కాఫీ తాగాలి. పెట్టె విప్పాలి. అందులోని ప్లాస్టిక్ ముక్కలన్నీ అతికించి శిరస్త్రాణం తయారుచేయాలి. భోజనం చేసి, మధ్యాహ్నం కూతుర్ని బడి వార్షికోత్సవానికి తీసుకెళ్ళాలి. అంతే.

దిద్దుబాటుగారు అన్నది ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు చేసే కంపెనీలో ఆయనకు ఉద్యోగం. వాటిని ఎలా వాడాలో చెప్పే కాగితం ఒకటి పెట్టెలో మడతపెట్టి ఉంటుందే, అది రాస్తాడు. దాన్ని ఎవరూ చదవరు. మడత కూడా విప్పకుండా అవతల పారేస్తారు. ఎన్నో ఏళ్ళుగా రాస్తున్నా ఒక్క పాఠకుడు లేని రచయిత కాబట్టి, ఆ కడుపుమంటంతా ఇతరులు రాసినదాని మీద చూపిస్తాడు. చేతిలో ఎర్ర పెన్ను, కంటికి ఏది కనబడితే అది దిద్దడం. మందుసీసా మీది చీటీ, లిఫ్టులో నోటీసు, ఆఖరికి భార్య రాసుకున్న సరుకుల జాబితా కూడా వదలడు. ఆవిడ ఒకసారి ఆ జాబితాను ఆయన మొహాన కొట్టింది. అందులోనూ పప్పు ముందుండాలా, ఉప్పు ముందుండాలా అని ఆయన కాసేపు ఆలోచించాడు.

ఇంత జరిగినా ఆయన్ని గొప్పవాడనుకునే ప్రాణి ఆ ఇంట్లో ఒకటుంది. కూతురు, బుజ్జి. పదేళ్ళ పిల్ల. ఇంట్లో వసపిట్ట, గడప దాటితే మూగ. నలుగురు తనవైపు చూస్తే చాలు, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అలాంటిది ఈ ఏడాది నాటకంలో కోటను కాపాడే సేనాధిపతి వేషం కావాలని తనే అడిగింది. ఎందుకంటే సేనాధిపతి మొహానికి మూత ఉంటుంది. "మొహం కనబడదు కదా టీచర్, అయితే చెప్తాను" అందట. ఆ మాట విని తల్లి వంటింట్లో నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఇక అప్పటి నుంచీ సాయంత్రమైతే చాలు, నెత్తిన స్టీలు గిన్నె బోర్లించుకుని బుజ్జి కోటను కాపాడుతూనే ఉంది. శత్రురాజు పాత్ర నాన్నది. పిల్లతో పాటు ఆయనకూ మాటలన్నీ కంఠతా వచ్చేశాయి. వచ్చి ఊరుకున్నాయా, టీచరు రాసిన వాటిలో మూడుచోట్ల ఎర్ర గీతలు కూడా పడ్డాయి.

"రెడీమేడ్‌వి దొరుకుతాయి కదండీ, ఒకటి కొనేయకూడదూ?" అంది భార్య.

"కొంటే అది దుకాణంవాడి హెల్మెట్. చేస్తే వాళ్ళ నాన్న చేసిన హెల్మెట్."

"మీరు చేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. స్నానాలగదిలో మీరు బిగించిన అలమరను అడగండి, అదీ చెప్తుంది."

"నాన్న చేస్తాడమ్మా. నేను క్లాసులో అందరికీ చెప్పేశాను కూడా" అంది బుజ్జి. క్లాసులో అందరికీ అంటే పక్క బెంచీ పిల్లకు, అదీ చెవిలో. అయినా ఆ మాట దిద్దుబాటుగారి గుండెల్లో దీపంలా వెలిగింది. ఈ ఒక్కటీ బాగా చేసి తీరాలనుకున్నాడు పాపం.

పెట్టెలో తలకప్పు రెండు సగాలుగా ఉంది. పైకీ కిందికీ కదిలే మొహం మూత, మెడ చుట్టూ తిరిగే పట్టీ, జిగురు గొట్టం, ఎలా చేయాలో చెప్పే కాగితం ఉన్నాయి. ఎవరైనా ముక్కలు బయటికి తీస్తారు. ఈయన కాగితం తీశాడు. రెండు నిమిషాలకల్లా అది ఎర్రబడింది. "చూశావా, వీడికి వాక్యం రాయడమే రాదు! హెల్మెట్ చేయడం వీడేం నేర్పుతాడు మనకి?" అన్నాడు, ఎదురుగా ఎవరూ లేకపోయినా.

చివరి సూచన ఇలా ఉంది: తలకు తొడిగాక మెడపట్టీని వెనక కొక్కెంతో మాత్రమే బిగించాలి, జిగురు పూయరాదు. దిద్దుబాటుగారు నవ్వుకున్నాడు. జిగురు లేని అతుకు నాటకం మధ్యలో ఊడదా? ఊడి, మూతతో సహా జారి, పిల్ల మొహం అందరికీ కనబడదా? ఆ రాసినవాడెవడో ఇంటికెళ్ళే తొందరలో రాసి ఉంటాడు. అలాంటివాళ్ళను ఆఫీసులో రోజూ చూస్తూనే ఉన్నాడు. ఆ వాక్యాన్ని కొట్టేసి, 'తలకు తొడిగి, కొక్కేనికి జిగురు పూసి, ఆరనివ్వాలి' అని పైన చక్కటి అక్షరాలతో రాశాడు. తనే రాశాడు కాబట్టి పాటించాడు కూడా.

తల మాత్రం తనదే పెట్టాడు. పిల్ల జుట్టుకు జిగురంటితే ఏడుస్తుందని. ఆయన తల చిన్నది, లోపలి పట్టీ వదులు చేస్తే సరిపోయింది. వెనక్కి చెయ్యి పెట్టి కొక్కేనికి జిగురు పూసి, కుర్చీలో కూర్చుని పేపరు దిద్దుతూ ఆరనిచ్చాడు. జిగురు బాగా ఆరింది. కంపెనీవాళ్ళు జిగురు విషయంలో మాత్రం మోసం చేయలేదు.

తీద్దామని పైకి లాగాడు. గడ్డం తగిలింది. పక్కకి తిప్పాడు. చెవి తగిలింది. ఆ మెడపట్టీ తలకంటే ఇరుకుగా ఎందుకుందో, దానికి కొక్కెం ఎందుకు పెట్టారో ఆయనకు అప్పుడు తెలిసింది.

"ఏమేవ్! ఒకసారి ఇలా రా" అన్న పిలుపు విని భార్య వచ్చింది, చూసింది, గుమ్మంలోనే చతికిలబడింది.

"ఓరి నాయనో! తియ్యండి దాన్ని!"

"రావడం లేదు."

"రాకపోవడమేంటి? కత్తెర తెస్తానుండండి."

"కత్తెర పెట్టావంటే ఊరుకోను! కోస్తే బుజ్జి ఏం పెట్టుకుంటుంది?"

అది నిజమే కాబట్టి ఆవిడ కత్తెర మానేసి సబ్బునీళ్ళు తెచ్చింది. మెడ, చొక్కా, నేల తడిశాయి. తరువాత నూనె. ఆయన నున్నగా తయారయ్యాడు గానీ పట్టీ జరగలేదు. చివరికి ఆవిడకు గోళ్ళరంగు తుడిచే మందు గుర్తొచ్చింది. జిగురును అది కరిగిస్తుందని ఎవరో చెప్పారట. దూది ముంచి వెనక తుడవబోతే ఆయన "ఘాటుగా ఉందే!" అని తల విదిలించాడు. సీసా ఒలికింది. ఆ మందు జిగురునేం చేసిందో గానీ, ప్లాస్టిక్‌ను మాత్రం మైనంలా మెత్తబరిచింది. అప్పటిదాకా పైకెత్తి ఉన్న మొహం మూత టప్పున కిందికి పడి, చెంపల దగ్గర తలకప్పుకు అతుక్కుపోయింది.

ఇప్పుడు దిద్దుబాటుగారికి మొహం కూడా లేదు. రెండు చీలికల్లోంచి కళ్ళు, లోపలి నుంచి నూతిలో మాట్లాడినట్టు ఒక గొంతు. అంతే మిగిలాడు.

తలంటుకుని జడ వేసుకున్న బుజ్జి గదిలోకి వచ్చి చూసి, చప్పట్లు కొట్టింది. "ఎంత బాగుందో నాన్నా! ఇంక ఇచ్చెయ్యి, పెట్టుకుంటాను."

ఆ మాటకు తల్లీ తండ్రీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంటే, ఆవిడ చూసింది.

భార్య తమ్ముడికి ఫోను చేసింది. బావమరిదికి చేతిపని బాగా వచ్చు. దిద్దుబాటుగారికి అతనంటే పడకపోవడానికి కారణం కూడా అదే. వచ్చీ రాగానే కారు తాళాలు బల్ల మీద పడేసి, కడుపు పట్టుకుని నవ్వి, ఆ తరువాత వెనక్కి వెళ్ళి చూశాడు.

"బావా, ఈ పట్టీ ఒక్కచోట కట్ చేస్తే చాలు. బయటికొచ్చేస్తుంది. మీద టేపేద్దాం."

"నువ్వు ముట్టుకోకు. బడిలో లాబు ఉంటుంది. జిగురు కరిగించేది అక్కడ ఏదో ఒకటి ఉండకపోదు."

"ఆదివారం లాబు ఎవరు తెరుస్తారు బావా?"

"వార్షికోత్సవం అయితే తెరవరా?"

తెరవలేదు. ముగ్గురూ కారులోంచి దిగి వరండా అంతా తిరిగారు. భార్య ఇంటి నేల కడిగి వెనక వస్తానంది. లాబుకు ఇంత తాళం వేలాడుతోంది. ఎదురొచ్చిన పిల్లలంతా దిద్దుబాటుగారికి సెల్యూట్ కొట్టారు. బుజ్జి మాత్రం ఆయన చొక్కా అంచు పట్టుకుని, మాటిమాటికీ తలెత్తి ఆ హెల్మెట్‌నే చూస్తూ నడిచింది.

వేదిక వెనక గదిలో డ్రామా టీచరు గుండెలు బాదుకుంటోంది. "ముఖ్య అతిథి వచ్చి కూర్చున్నారు! మనదే మొదటి అంశం! సేనాధిపతి హెల్మెట్ ఏది?"

"ఇదేనండీ" అంది హెల్మెట్.

విషయం విన్నాక టీచరు బుజ్జి దగ్గర వంగింది. "అమ్మా, అది లేకుండా చెప్పేస్తావా? నీకన్నీ వచ్చు కదా?"

బుజ్జి తెర సందులోంచి బయటికి చూసింది. నిండా జనం. తల అడ్డంగా ఊపింది.

బావమరిది జేబులోంచి చిన్న కత్తి తీశాడు. ఈసారి నవ్వలేదు. "బావా, నా మాట విను. వెనకాలే కోస్తాను. నిమిషం పని. టేపేసి పిల్లకి పెట్టేద్దాం."

"టేపా? నా కూతుర్ని అతుకులబొంతలా నిలబెట్టమంటావా అంతమంది ముందర?"

"టేపైనా పర్లేదు నాన్నా" అంది బుజ్జి. "వెనకాలే కదా. నేను అటు తిరగను."

రెండు చేతులూ చాచింది పిల్ల. ఆ చేతుల్ని ఆయన చీలికల్లోంచి స్పష్టంగా చూశాడు. చూసి కూడా, "నీకు తెలీదమ్మా. వాళ్ళ నాన్న చేసింది ఇలా ఏడ్చిందా అంటారు అందరూ" అన్నాడు. పిల్ల ఏమంటుందో వినకుండా, పిల్లను అందరూ ఏమంటారో వినబోయాడు ఆ మహానుభావుడు. నిజానికి పిల్లను కూడా కాదు, తనను.

బుజ్జి చేతులు దించేసింది.

"అయితే ఇంకెవరికి వచ్చండీ ఈ డైలాగులు? ఎవరికీ రావు! నా పరువు పోయింది!" అంది టీచరు.

"నాకు వచ్చు" అన్నాడు దిద్దుబాటుగారు.

అనకపోతే ఏం పోయేది? ఎవరూ బలవంతం చేయలేదు. నోరు దానంతటదే జారింది. టీచరుకు ఆ మాత్రం చాలు. బుజ్జి భుజాల మీది ఎర్రగుడ్డ విప్పి ఆయన మెడకు కట్టింది, అది నడుం దాకా కూడా రాలేదు. చెక్కకత్తి చేతిలో పెట్టి, వీపు మీద చెయ్యేసి ఒక్క తోపు తోసింది.

మోచేతి దాకా కూడా రాని సైనికుల మధ్య, నూనె కారుతున్న చొక్కాతో సేనాధిపతి నిలబడేసరికి జనం గొల్లుమన్నారు. తరువాత ఆయన గొంతు ఖంగుమంది. "ఈ కోట తలుపు తెరుచుకోదు! నేను నిలబడి ఉన్నంత వరకూ తెరుచుకోదు!" నవ్వులు ఆగిపోయాయి. తను రాసిన మాట ఒక్కరూ వినని మనిషికి, ఆ పూట ఆ హాలంతా చెవులప్పగించింది. ఆయనకు అది బాగుంది. బాగుండటం కాదు, కల్లు తాగినట్టయింది. తను దిద్దిన మూడు వాక్యాలూ దిద్దినట్టే చెప్పాడు. లేని వాక్యాలు రెండు కలిపాడు. చప్పట్లు మోగితే వంగి దండం పెట్టాడు, పక్కకు తిరిగి ఇంకోటి పెట్టాడు.

అలా పక్కకు తిరిగినప్పుడు తెర చాటున బుజ్జి కనబడింది. చివరి మాటలు ఇంకా దాని పెదవుల మీద కదులుతున్నాయి. ఆయన దిద్దినవి కాదు, టీచరు రాసినవే. ఒక్క అక్షరం తప్పు పోకుండా, చప్పుడు లేకుండా చెప్పుకుంటోంది.

అక్కడితో ఆగినా సరిపోయేది. ఈ నాటకంలో ఉత్తమ నటనకు ఇప్పుడే కప్పు ఇస్తున్నామని మైకులో చెప్పి, తమ దగ్గరున్న పాత్రల జాబితాలో సేనాధిపతికి ఎదురుగా ఉన్న బుజ్జి పేరు చదివారు. పేరు వినగానే బుజ్జి ఒక అడుగు ముందుకు వేసింది. ముఖ్య అతిథి మాత్రం ఎదురుగా ఉన్న హెల్మెట్‌కు కప్పు ఇచ్చేసి కరచాలనం చేశాడు. పిల్ల వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

వెనక గదిలోకి రాగానే బావమరిది ఆయన్ని అడగలేదు. మెడపట్టీ కింద కత్తి పెట్టి టక్కున కోశాడు. హెల్మెట్ టోపీలా ఊడి వచ్చింది. వెనక చిటికెన వేలంత కోత. టేపు కూడా అక్కర్లేదు, జడ అడ్డం వేస్తే కనబడదు.

అప్పుడే లోపలికి వచ్చిన భార్య ఆ కోతను చూసింది, ఎర్రగా కందిన ఆయన మొహాన్ని చూసింది. "ఎవరి కోసం చేశారండీ దీన్ని?" అంది. గట్టిగా కూడా అనలేదు.

ఆయన కప్పును బుజ్జి చేతిలో పెట్టబోయాడు. "నీదేనమ్మా, నీ పేరే కదా చదివారు."

"వద్దు నాన్నా, నువ్వే కదా చెప్పావు" అంది బుజ్జి. కోపంగా కాదు. బయట తెలియనివాళ్ళతో మాట్లాడినట్టు, మెల్లగా, నేల చూస్తూ చెప్పింది. నాన్న దగ్గర ఆ గొంతు రావడం అదే మొదటిసారి.

కప్పు ముందుగదిలో టీవీ పక్కన పెట్టారు. ఇంటికొచ్చినవాళ్ళు ఎవరికొచ్చిందని అడిగితే, ముగ్గురికీ ఒకేసారి లోపల ఏదో పని గుర్తొస్తుంది.