పెద్దోడు ఇంటికొచ్చాడు

"తినడు, తాగడు, మంచం కూడా అడగడు. అలాంటి అతిథి ఎక్కడైనా దొరుకుతాడా చెప్పు?" అన్నాడు కెప్టెను, టీ గ్లాసు కింద పెడుతూ.

భార్య కుట్టుమిషను ఆపలేదు. ఇంటి ముందుగదే ఆవిడ దర్జీ కొట్టు. ఎవరిదో కోటు చెయ్యి సూది కిందికి తోస్తూ, "మరి ఎక్కడ పడుకుంటాడు?" అంది.

"నిలబడే నిద్రపోతాడు."

"గుర్రమా?"

"ఛ! యుద్ధంలో నాతో పనిచేసినవాడు. పెద్దోడు."

"ఎంత పెద్దోడేమిటి?"

కెప్టెను ఇంటి కప్పుకేసి చూశాడు. ఆ చూపు కప్పు దగ్గర ఆగక ఇంకా పైకి పోయింది. "కాస్త పొడగరి," అన్నాడు.

ఆవిడ సూదిలో దారం మార్చుకుంటూ, "సరే, రమ్మనండి," అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకున్నందుకు కెప్టెను పొంగిపోయాడు. పెళ్లయి ఇన్నేళ్లయినా, భార్య తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే భయపడాలన్న సంగతి ఆయన తలకెక్కలేదు.

పెద్దోడు మనిషి కాడు. రెండంతస్తుల మేడకన్నా ఎత్తైన ఇనప యుద్ధయంత్రం. రొమ్ములో ఒక చిన్న గది, అందులో ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే కెప్టెను యుద్ధమంతా చేశాడు. ఆఖరి పోరులో వంతెన మంటల్లో కూలినప్పుడు ఆయన కుర్చీలోనే స్పృహ తప్పాడు. ఆజ్ఞాపించే గొంతు లేదు. అయినా పెద్దోడు ఆగలేదు. ఒక కాలు విరిగి, ఎడంచేతికి రెండు వేళ్లు పోయి, ఆ చేత్తోనే రొమ్మును కప్పుకుని, నదికి అడ్డంగా పాక్కుంటూ అవతలి గట్టుకి చేరాడు. గట్టు మీద రొమ్ములోని గది తెరిచి, ఆయన్ని మెల్లిగా గడ్డి మీద దించి, అప్పుడు కూలబడ్డాడు. తర్వాత కాలు అతికించారు కానీ, ఆ వేళ్లు మాత్రం పెట్టలేదు.

అలాంటివాణ్ణి తుక్కు కింద కోసేస్తారని ఈమధ్యే తెలిసింది. ఆ రోజునుంచి కెప్టెనుకి ముద్ద దిగలేదు. యుద్ధయంత్రాలు ఉంచే డిపోకి పరిగెత్తి అక్కడి అధికారి కాళ్లా వేళ్లా పడ్డాడు.

"ఇస్తాం. కానీ మీ ఇంట్లో ఒప్పుకోవాలి," అన్నాడు అధికారి.

"మా ఆవిడా? ఎగిరి గంతేసింది!" అన్నాడు కెప్టెను, అప్పటికి ఆవిడకి ఒక్క ముక్క కూడా చెప్పకుండానే.

అధికారి ఎందుకో గట్టిగా దగ్గి, మొహం పక్కకి తిప్పుకున్నాడు.

అలా ఒక ఉదయం పెద్దోడు వీధిలోకి అడుగుపెట్టాడు. అడుగు అడుగుకీ ఇళ్లలో గిన్నెలు తాళం వేశాయి. ఎవరి మేడ మీదివో ఆరేసిన బట్టలు తాడుతో సహా పెద్దోడి మెడలో దండలా పడ్డాయి. ముందు కెప్టెను, ఊరేగింపులో పెళ్లికొడుకులా ఛాతీ విరుచుకుని నడిచాడు.

భార్య గుమ్మంలోకి వచ్చి, మెడ వెనక్కి వంచి, ఇంకా వంచి చూసింది.

"కాస్త పొడగరి అన్నారు!"

"దగ్గర్నుంచి చూస్తున్నావు కాబట్టి అలా ఉంది. కొంచెం వెనక్కి జరిగి చూడు."

"పక్క ఊరిదాకా జరగాలేమో!"

కెప్టెను గొంతు సవరించుకుని, "పెద్దోడా, కూర్చో!" అని ఆజ్ఞాపించాడు. పెద్దోడు కదల్లేదు. "కూర్చోరా!" కదల్లేదు. వీధి వీధంతా చూస్తోంది. కెప్టెను చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"ఎండలో ఎంతసేపు నిలబెడతారు? పక్క ఖాళీ స్థలంలో కూర్చో నాయనా, జాగ్రత్త, ఆ పంపు తొక్కకు," అంది భార్య. పెద్దోడు బుద్ధిగా వెళ్లి, పంపు దాటి, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"ప్రయాణం బడలిక," అన్నాడు కెప్టెను జనంతో. "ఒక్కోసారి ఆలస్యంగా వింటాడు."

అందరూ మురిసిపోయారు కానీ ఎదురింటాయన మురవలేదు. ఆయన అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు, అభ్యంతరంగారు అంటేనే తెలుస్తుంది. వానకి అభ్యంతరం, ఎండకి అభ్యంతరం, మధ్యలో మబ్బు పడితే దానికీ అభ్యంతరం. "నా కిటికీలోంచి ఇదివరకు ఆకాశం కనిపించేది. ఇప్పుడు మోకాలు కనిపిస్తోంది!" అని డిపోకి ఫిర్యాదు చేశాడు. కబురొచ్చింది: అధికారి స్వయంగా వచ్చి చూస్తాడు. ప్రమాదమనిపిస్తే పెద్దోడు తిరిగి తుక్కు దగ్గరికే.

కెప్టెను బుర్రలో పథకం మొలిచింది. అధికారి చూస్తుండగా తను డాబా మీదినుంచి జారినట్టు నటించాలి. పెద్దోడు లటుక్కున పట్టుకోవాలి. జనం కళ్లొత్తుకోవాలి. అంతే, ఇక వాణ్ణి కదిపే మొనగాడెవడు?

అధికారి వచ్చాడు. వీధంతా పోగైంది. అభ్యంతరంగారు మోకాలికేసి వేలు చూపిస్తూ ఉపన్యాసం మొదలుపెట్టేసరికి, పైనుంచి కేక వినిపించింది.

"అమ్మో! జారిపోతున్నా! పెద్దోడా, కాపాడు!"

కెప్టెను డాబా పిట్టగోడ పట్టుకుని వేలాడుతూ కాళ్లు తపతపా కొట్టుకుంటున్నాడు. పెద్దోడు తల తిప్పి ఆయనకేసి చూశాడు. లేవలేదు.

భార్య కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏమండీ, ఆ ప్యాంటు నిన్ననే కుట్టాను. పడితే పడ్డారు, చిరగకుండా పడండి."

"నిజంగా జారుతున్నానే!"

"నిజంగా జారేవాడు ముందు జుట్టు దువ్వుకోడు."

జనం గొల్లుమన్నారు. పైన మాత్రం కెప్టెనుకి నవ్వు రావడంలేదు. నటన ఎప్పుడు అయిపోయిందో, నిజం ఎప్పుడు మొదలైందో తెలియలేదు కానీ, చేతులు చెమట పట్టి వేళ్లు ఒక్కొక్కటీ ఊడుతున్నాయి. కేకేస్తే ఎవరూ నమ్మేలా లేరు.

సరిగ్గా అప్పుడే అభ్యంతరంగారు, ఈ నాటకం ఇంకా బాగా చూసి ఇంకా బాగా అభ్యంతరపెట్టాలని తన బాల్కనీలోకి పరిగెత్తాడు. ముందుకి వంగాడు. ఏనాటిదో తుప్పు కమ్మీ ఫెళ్లున విరిగింది. మనిషి గాల్లోకి వచ్చేశాడు.

"పెద్దోడా, పట్టుకో!" అని భార్య అరిచింది.

వీధికి అడ్డంగా ఇనప చెయ్యి మెరుపులా చాచుకుంది. అభ్యంతరంగారు ఆ అరచేతిలో, గూట్లో పిచ్చుకపిల్లలా, వెల్లకిలా పడ్డాడు. కళ్లజోడు కూడా చెక్కుచెదరలేదు.

అంతా చప్పట్లు కొడుతుండగా కెప్టెను చేతులు జారాయి.

ఆయన కళ్లు మూసుకున్నాడు. మూరెడు కూడా పడలేదు. కింద చల్లటి ఇనుము తగిలింది. కళ్లు తెరిచి చూస్తే, రెండు వేళ్లు లేని ఎడమ అరచెయ్యి. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. జనమంతా నవ్వుతున్నప్పుడే అది చడీచప్పుడు లేకుండా ఆయన కాళ్ల కిందికి చేరి, అక్కడ కాచుకుని ఉంది.

వీధంతా దద్దరిల్లిపోయింది. ఈలలు, కేకలు, చప్పట్లు! అవతలి వీధులవాళ్లు కూడా పరిగెత్తుకొచ్చారు.

అధికారి టోపీ తీసి తల వంచాడు, పెద్దోడి ముందు. "ఏమండీ, ఇంకేమైనా అభ్యంతరమా?" అని కుడి అరచేతికేసి చూస్తూ అడిగాడు.

"లేదు," అంది సన్నటి గొంతు పైనుంచి. "కానీ వెంటనే దించకండి. ఇక్కణ్ణుంచి ఆకాశం బాగా కనిపిస్తోంది."

కెప్టెను గర్వంగా లేచి నిలబడ్డాడు. "చూశారా, నా పెంపకం!"

అధికారి నవ్వాడు. "కెప్టెన్‌గారూ, వీణ్ణి ఇప్పుడు మీ గొంతు కాదు, అమ్మగారి గొంతు వినేలా మార్చాం. మీకన్నా ముందే ఆవిడ డిపోకి వచ్చారు. 'మా ఆయన్ని మోసుకొచ్చినవాణ్ణి ముక్కలు చేస్తారా? ముందు నన్ను కొయ్యండి' అని గేటు దగ్గర బైఠాయించారు. ఇవ్వక చస్తామా?"

కెప్టెను అరచేతి అంచు మీదినుంచి కిటికీలోని భార్యకేసి వంగి, "మరి నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?" అన్నాడు.

"మీరు ఏ అబద్ధంతో తీసుకొస్తారో చూద్దామని," అంది ఆవిడ. "పొడగరి అంటారనుకోలేదు."

"అయితే ఇక నా మాట వినడన్నమాట."

"వింటాడు. వినమని నేను చెబితే."

కెప్టెను తల గోక్కున్నాడు. తర్వాత ఏదో తట్టి, నెమ్మదిగా అడిగాడు. "మరి ఇందాక నన్ను పట్టుకోమని నువ్వు చెప్పావా?"

ఆవిడ ఆ ఎడమచేతికేసి చూసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"లేదండీ. ఆ పని వాడికి ఎవరూ చెప్పక్కర్లేదు," అంది. ఆ వెంటనే గొంతు పెంచింది. "పెద్దోడా! నన్నూ పైకెత్తు నాయనా. ఆయన ప్యాంటు ఎక్కడ చిరిగిందో చూడాలి."