జేబులో చీటీ

ఏమయ్యా, కుర్చీలో చేరగిలబడ్డ పెద్దమనిషీ, నిన్నే! ఏ కాగితం చేతికిచ్చినా చివర గీత ఎక్కడుందో వెతికి సంతకం గీకేసి, “అంతా చదివానండీ” అని తలాడించే రకానివి కదూ? నాకు తెలుసులే. సిగ్గుపడకు, నీకు తోడుగా ఇంకొకడున్నాడు. మెడలో టేపు లేకుండా నిద్ర కూడా పోని ఆ దర్జీని వీధంతా “టేపు” అనే పిలుస్తుంది. కాస్త సర్దుకుని కూర్చో, ఆయన సంగతి చెప్తాను.

టేపుకి అంకెలు కొట్టిన పిండి. మనిషిని చూసి నడుము కొలత చెప్పేస్తాడు. అక్షరాలు మాత్రం ఆయన కంటపడగానే చీమల్లా అటూ ఇటూ పరిగెడతాయి. చిన్నప్పుడు బడిలో ఆ చీమల్ని పట్టలేక దెబ్బలు తిని, నాలుగో తరగతిలోనే కత్తెర పట్టాడు. అప్పటినుంచీ కొలతల పుస్తకంలో పేర్లకు బదులు బొమ్మలే గీస్తాడు. గొడుగు బొమ్మ అంటే ఎండైనా వానైనా గొడుగు వదలని లెక్కల మాస్టారు. మీసం బొమ్మ అంటే మీసం తీసేసిన పోస్ట్‌మాన్. ఎవరైనా అడిగితే “అది మా వృత్తి రహస్యం” అంటాడు. తనకు చదవడం రాదన్న ముక్క పదకొండేళ్ళ కాపురంలో భార్యకు కూడా తెలియదని ఆయన ధీమా.

ఆయన కూతురు గుండీకి ఎనిమిదేళ్ళు. ముందు పళ్ళు రెండు లేవు, నోటికి మాత్రం తాళం లేదు. కథలు అప్పటికప్పుడు అల్లేస్తుంది. పుస్తకం తెరిస్తే చాలు, కడుపునొప్పి. బడిలో పెద్ద టీచరు కబురు పెట్టింది: “డిస్లెక్సియా కావచ్చు. తెలివి తక్కువని కాదు, అక్షరాలు పట్టుబడే దారి వేరు. పరీక్ష చేయించి ఈ వారంలోగా కాగితం తెస్తే రోజూ గంటసేపు విడిగా చెప్పిస్తాం. తేకపోతే మళ్ళీ రెండో తరగతిలోనే కూర్చోబెట్టాలి.” ఆ మాట విన్నప్పటినుంచీ గుండీ అన్నం సరిగ్గా తినడం లేదు. రెండో తరగతిలో కూర్చుంటే మోకాళ్ళు బల్లకి తగులుతాయట.

సోమవారం భార్య ఒక చీటీ టేపు చేతిలో పెట్టింది. “గురువారం పదిన్నరకి. కోటు కుట్టి ఇవ్వాల్సిన పనుంది, నేను రాలేను, మీరే తీసుకెళ్ళండి. చీటీ పోగొట్టుకునేరు.”

“ఏమనుకుంటున్నావే నన్ను?” అని దాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజునుంచే దారి కనుక్కోవడానికి కనబడ్డవాళ్ళందరికీ చూపించాడు. ఇస్త్రీ అతను చదివి, టేపుని కిందనుంచి పైదాకా చూసి, భుజం తట్టాడు. “మంచి పని చేస్తున్నావు బావా. ఇందులో సిగ్గుపడేదేం లేదు.” పోస్ట్‌మాన్ చదివి చెయ్యి పట్టుకుని ఊపాడు. గురువారం పొద్దున బస్సు కండక్టరయితే లేచి మరీ సీటు చూపించాడు. కూతురి కోసం ఇంతమంది ఇంత ఇదైపోతున్నారని టేపు పొంగిపోయాడు.

పరీక్ష చేసే చోట ముందుగదిలో కౌంటరు అమ్మాయి పైన పేరు రాసి, నాలుగు పేజీల ఫారం చేతికిచ్చింది. “నింపి ఇవ్వండి సార్. టిక్కులూ అంకెలే, రాసేదేం లేదు.”

టేపు జేబులు తడుముకున్నాడు. “అరెరె, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానే!” ఆయనకి కళ్ళజోడే లేదు. “గుండీ, నువ్వు చదువమ్మా. ప్రాక్టీసు అవుతుంది.”

గుండీ ఫారం వంక చూసింది. ఫారం గుండీ వంక చూసింది. నాన్న ముందు రాదని చెప్పడం కన్నా చావు నయమనిపించింది పిల్లకి. గొంతు సవరించుకుని మొదలెట్టింది.

“ఒకటి. పాప నడుము ఎంత?”

“ఇరవై రెండు!” టేపు మెరుపులా రాసేశాడు.

“రెండు. పాపకి గౌన్లు ఎన్ని కావాలి?”

“ఇదేం ప్రశ్నే?”

“నాకేం తెలుసు, అచ్చేశారుగా.”

“సరే, ఏడు.”

“మూడు. పాపకి కుక్కపిల్లని కొంటారా? మొదటి గడి అవును, రెండోది కాదు.”

పెన్ను ఆగింది. “మీ అమ్మ ఊరుకోదే.”

“కాదని పెడితే వీళ్ళేమనుకుంటారో నాన్నా...”

టేపు చుట్టూ చూసి అవునని కొట్టాడు.

“నాలుగు. పాపని రోజూ తిడతారా?”

“ఛ ఛ, కాదు!” ఈసారి గడి చిరిగేంత గట్టిగా కొట్టాడు.

ఇలా నాలుగు పేజీలూ పూర్తయ్యాయి. టేపు ఛాతీ అంగుళం తర్వాత అంగుళం పెరుగుతోంది. ఒక్కచోట తడబడలేదే! గడగడా చదివేసిందే! ఈ పిల్లకా పరీక్ష?

ఫారం అందుకున్న కౌంటరు అమ్మాయి మొదటి పేజీ చూసి కళ్ళు నులుముకుంది. తర్వాత ఫోనెత్తి గొంతు తగ్గించింది. తగ్గించినా గదంతా వినబడింది. “మేడమ్, కొంచెం త్వరగా చూడాలి. పాప కొరుకుతుందట.”

పక్క కుర్చీలో ఉన్నావిడ తన పిల్లాణ్ణి చటుక్కున ఒళ్ళోకి లాక్కుంది. గుండీ ఆ పిల్లాడితో స్నేహం చేద్దామని నోరంతా తెరిచి నవ్వింది. రెండు పళ్ళు లేని ఆ నోరు చూసి ఆవిడకి ఆ పళ్ళు ఎవరి చేతిలో దిగబడ్డాయో అన్న అనుమానం వచ్చినట్టుంది, కెవ్వుమంటూ గుమ్మం దాకా వెళ్ళిపోయింది. ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు లేచారు. వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చి, ఎవర్ని పట్టుకోవాలో తెలియక కుర్చీని పట్టుకున్నాడు.

“ఎవరి పిల్లో పాపం! మనల్ని మాత్రం వంతు రాకముందే లోపలికి పిలుస్తున్నారు, చూశావా మన దర్జా!” అన్నాడు టేపు.

లోపల మేడమ్ నెమ్మదైన మనిషి. ఆవిడ నోరు తెరవకముందే టేపు అందుకున్నాడు. “పరీక్ష అక్కర్లేదు మేడమ్. మా పిల్లకి ఏ లోపమూ లేదు. మీ ఫారమంతా టీవీలో వార్తల్లా చదివి వినిపించింది. మేం వెళ్తాం. పదవే గుండీ!”

గుండీ కదల్లేదు. కళ్ళనిండా నీళ్ళు. వెళ్ళిపోతే కాగితం రాదు. కాగితం రాకపోతే రెండో తరగతి, ఆ చిన్న బల్ల.

మేడమ్ ఫారం తిప్పింది. “ఒక్క నిమిషం కూర్చోండి. పుట్టినప్పుడు పాప బరువు ఇరవై రెండు కిలోలా?”

“ఆఁ?”

“మొదటి మాట ఏడేళ్ళకి మాట్లాడిందా?”

“మేడమ్, ఇది పుట్టగానే మంత్రసానితో పోట్లాడింది!”

“తోటి పిల్లల్ని కొరుకుతుందా అంటే అవునన్నారు. ఇంట్లో పాపతో ఎవరైనా మాట్లాడతారా అంటే, ఇదిగో, కాగితం చిరిగిపోయేలా కాదన్నారు.”

టేపు కూతురి వైపు తిరిగాడు. గుండీ చేతులతో మొహం కప్పుకుంది. “నాకు రాదు నాన్నా. అన్నీ నేనే కల్పించాను. అక్షరాలు నిలబడవు, కదిలిపోతాయి.”

“చీమల్లాగానా?” టేపు నోట్లోంచి జారిపోయింది.

గుండీ వేళ్ళ సందులోంచి చూసింది. తర్వాత చేతులు దించింది. “కాగితం నీ చేతిలోనే ఉందిగా. మరి నువ్వెందుకు చూసుకోలేదు?”

టేపు టేపుని మెడచుట్టూ రెండుసార్లు తిప్పుకున్నాడు. మూడోసారి తిప్పడానికి పొడవు చాల్లేదు. “నాకూ రాదు తల్లీ. కళ్ళజోడూ లేదు.”

పిల్ల మొహం వెలిగిపోయింది. టీచరు కబురు వచ్చాక అది మనసారా నవ్వడం అదే మొదలు. “అయితే నువ్వు కూడా రెండో తరగతా!”

మేడమ్ నవ్వాపుకోలేక నీళ్ళు తాగింది. “పాపకి విడిగా చెప్పించడం ఈ వారమే మొదలెట్టొచ్చు, కాగితం నేనిస్తాను. ముందు పరీక్ష కానీండి. ఏదీ, ఆ చీటీ ఇటివ్వండి.” చీటీ చూసి తల పంకించింది. “పదిన్నరకి పాప. పదకొండున్నరకి మీరు. మీ ఆవిడ ఈ పరీక్షకి రెండు పేర్లూ రాయించారుగా.”

సాయంత్రం టేపు గుమ్మంలోనే నిలబడి భార్యని అడిగాడు. “నీకెప్పట్నుంచి తెలుసే?”

ఆవిడ కోటుకి బొత్తాం కుడుతూ తలెత్తలేదు. “పెళ్ళయిన వారానికే. ‘అలిగాను, నాతో మాట్లాడకండి’ అని చీటీ రాసి దిండు మీద పెట్టాను. మీరది చూసి ‘ఎంత ముద్దుగా రాశావే!’ అని సినిమాకి తీసుకెళ్ళారు. సినిమా బాగుంది, అందుకని ఊరుకున్నాను. మీరు బొమ్మ గీసి కట్టిన బట్టల మూటలన్నిట్లోనూ పేర్లు రాసి పెడుతున్నది ఎవరనుకున్నారు? ఈ వీధిలో గొడుగువాళ్ళు ముగ్గురున్నారు.”

టేపు ఖాళీ జేబు తడుముకున్నాడు. ఇస్త్రీ అతను భుజమెందుకు తట్టాడో, కండక్టరు ఎందుకు లేచాడో అప్పుడు వెలిగింది. మూడు రోజులపాటు ఆ చీటీని వీధి వీధంతా చదివింది, మోసుకు తిరిగిన మనిషి తప్ప.