మార్కులు తగ్గించమని మనవి

మంచి మార్కులు దేశానికి మేలు చేస్తాయి. తెచ్చుకున్నవాళ్లకు చేస్తాయా అన్న ప్రశ్న వేరే శాఖ పరిధిలోకి వస్తుంది.

రెండు వేల నాలుగులో, పర్ణశాల దాటాక అడవి అంచున ఉన్న ఒక హైస్కూలును ప్రభుత్వం బలహీన పాఠశాలగా గుర్తించింది. (పెద్ద కష్టపడలేదు, పదో తరగతిలో ఎవరూ పాసు కాలేదు.) బలహీన పాఠశాలకు లెక్కల సారును ఇవ్వాలని నిబంధన. అలా జానీ సారు వచ్చారు. ఊళ్లోనే గది కిరాయికి తీసుకుని, సెలవు రోజుల్లో కూడా పాఠం చెప్పారు.

హేమ్లా పగిడయ్య, నాగక్కల పెద్దబిడ్డ రోజారాణి అప్పుడు పదో తరగతి. పొద్దున్నే తల్లితో పోయి ఇప్పపువ్వు ఏరుకొచ్చి, చేతులు కడుక్కుని లెక్కలకు కూర్చునేది. ఇంత చదివితే ఏమొస్తదని పగిడయ్య అడిగితే, రిజల్టు వచ్చినాక చెప్తానంది.

రిజల్టు వచ్చింది. రోజారాణి మండలం ఫస్టు. మిగతావాళ్లూ గట్టెక్కారు.

ఖమ్మం నుంచి ఫలితాల సమతూక విభాగం అధికారి బిక్షపతి గారు జీపులో వచ్చి ఆ పిల్లకు శాలువా కప్పారు. ఈ పాఠశాల ఇక ఎంతమాత్రం బలహీనం కాదని అదే వేదిక మీద ప్రకటించారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. బలం వచ్చిన పాఠశాలకు అదనపు సారు అక్కర్లేదు కనుక, తిరిగి వెళ్లేటప్పుడు జానీ సారును జీపెక్కించుకుని చండ్రుగొండ వైపు మరో బలహీన పాఠశాలలో దించేశారు. (చప్పట్లు కొట్టినవాళ్లకు ఈ సంగతి మర్నాడు తెలిసింది.)

రోజారాణి భద్రాచలంలో ఇంటర్లో చేరింది. చెల్లెలు భవాని పదో తరగతికి వచ్చింది. లెక్కల పీరియడులో పిల్లలతో మొక్కలకు నీళ్లు పోయించారు. మొక్కలు బాగా ఎదిగాయి. అర్ధసంవత్సర పరీక్షలో లెక్కలు మాత్రం ఒక్కరూ పాసు కాలేదు.

పగిడయ్య ఖమ్మం వెళ్లాడు. బిక్షపతి గారు మంచివారు. కుర్చీ చూపించి, టీ తెప్పించి, ఓపికగా విడమరిచారు. బలహీనతను మూడేళ్ల సగటు మీద నిర్ణయిస్తారట. రోజారాణి మార్కులు సగటులో ఉన్నంతకాలం బడి బలంగానే ఉంటుందట.

"అంటే మా బిడ్డ మంచిగ చదివి తప్పు జేసిందా సారూ?"

"తప్పని నేననను. కొద్దిగా తక్కువ చదివితే ఊరికి అక్కరకొచ్చేది."

పగిడయ్య తిన్నగా భద్రాచలం హాస్టలుకు వెళ్లి కూతురికి చెప్పాడు. రోజారాణి పెట్టెలోంచి మార్కుల మెమో తీసి చూసుకుంది. తర్వాత మెల్లగా అంది:

"నా మార్కులు తగ్గియ్యమని అడుగుదాం నాయినా."

"గంత కష్టపడి తెచ్చుకుంటివి గద బిడ్డా."

"చెల్లె ఫెయిలైతే కూలికే పోతది. నాకు పాసయ్యేటన్ని ఉంటే సాలు."

ఇద్దరూ కలిసి మళ్లీ ఖమ్మం వెళ్లారు. మార్కులు పెంచమనడానికి ఫారం ఉంది, తగ్గించమనడానికి లేదని గుమస్తా చెప్పాడు. (ఇటువంటి అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదన్నాడు.) రోజారాణి అక్కడే బల్ల మీద తెల్లకాగితం పెట్టుకుని రాసింది. తన మార్కులు బడిని ఎట్లా బలంగా చూపిస్తున్నాయో, అందువల్ల లోపల ఎంత డొల్లగా తయారైందో, తనను అత్తెసరు మార్కులకు దించితే ఎందరు పిల్లలు గట్టెక్కుతారో వివరించింది.

బిక్షపతి గారు దాన్ని రెండుసార్లు చదివారు. సిబ్బందిని పిలిచి పైకి చదివించారు. సూపరింటెండెంటు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇంత న్యాయమైన కోరికను తాను పక్కన పడేయనని అధికారి మాటిచ్చారు. బస్సులో తండ్రీబిడ్డలు చాలా రోజుల తర్వాత నవ్వుకున్నారు.

అధికారి మాట తప్పలేదు. పై నెలలోనే ఉత్తర్వు వచ్చింది. మార్కులు తగ్గించే అధికారం ఈ విభాగానికి లేదని విచారిస్తూ, దరఖాస్తులో ఒక్క అక్షరదోషమైనా లేనందుకు అభినందిస్తూ, ఇంత చక్కని భాష వచ్చిన బడికి ఇక అవసరం లేదు కనుక తెలుగు సారును కూడా బదిలీ చేశారు.