గాల్లో మూడు గంటలే!

విమానాలు టైముకి బయలుదేరడం మొదలుపెట్టిన రోజున మానవ సంబంధాలు మంటగలిసిపోతాయి! నవ్వకండి. స్వానుభవంతో చెబుతున్నాను.

మా చెల్లెలు సముద్రానికి అవతల ఒక మహానగరంలో ఉంటుంది. ఆమె తొలి పాట కచేరీ మధ్యాహ్నం. అక్కా నేనూ తెల్లారకముందే ఎయిర్‌పోర్టుకు చేరాం. ఇంటర్నెట్‌ను అడిగితే రెండు నగరాల మధ్య దూరం కిలోమీటర్లతో సహా చెప్పి, ‘ప్రయాణం మూడు గంటలు’ అని తేల్చేసింది. మూడు గంటలు! మా బావ పేపరు చదవడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

విమాన కంపెనీ వాళ్లు దయామయులు. అంత దూరం వెళ్లేవాళ్లను అంత త్వరగా పంపేస్తారా? ముందు ‘కాస్త ఆలస్యం’ అన్నారు. తర్వాత గేటు మార్చారు. పెట్టెలు ఈడ్చుకుంటూ ఆ చివరికి పరిగెత్తాం. మళ్లీ పాత గేటుకే రమ్మన్నారు. డాక్టరు నెత్తీనోరూ కొట్టుకున్నా నడవని మా అక్కను ఉచితంగా నడిపించిన పుణ్యం ఎవరిది?

గేటు దగ్గర పక్క కుర్చీలో ఆయన తన మోకాళ్ల ఆపరేషన్ గురించి మొదలుపెట్టి, ఎడమకాలు పూర్తిచేసి కుడికాలికి వచ్చాడు. టైముకి విమానం ఎక్కి ఉంటే ఆ కుడికాలి సంగతి నాకు తెలిసేదా?

మా అక్క లెక్కల టీచరు. ఉండబట్టలేక కౌంటరు దగ్గరికి వెళ్లింది.

“మూడు గంటల ప్రయాణం అన్నారు కదమ్మా? పొద్దున్నించీ ఇక్కడే ఉన్నాం!”

“ప్రయాణం మూడు గంటలేనండీ,” అంది కౌంటరు అమ్మాయి చిరునవ్వు చెదరకుండా. “ఇది ప్రయాణం కాదు, వెయిటింగ్.”

ఇంత స్పష్టంగా ఏ గురువైనా చెప్పగలడా? కూర్చున్నంతసేపూ మన ఆయుష్షు మనదే, వాళ్ల ఖాతాలోకి రాదు!

చివరికి ఎగిరాం. దిగేటప్పుడు పైలట్, “అనుకున్నదానికంటే ముందే చేరుకున్నాం,” అని గర్వంగా ప్రకటించాడు. కొందరు చప్పట్లు కూడా కొట్టారు.

మేం హాలుకు చేరేసరికి కుర్చీలు మడత పెడుతున్నారు. చెల్లెలు పట్టుచీరలోనే స్టేజీ అంచున కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది.

“ముందు వరుసలో మీ రెండు కుర్చీల్లో ఎవర్నీ కూర్చోనివ్వలేదు అన్నయ్యా. పాడుతున్నంతసేపూ తలుపు వైపే చూశాను,” అంది.

అక్క మడతపెట్టిన కుర్చీలు రెండు తెచ్చి వేసింది. “ఇప్పుడు పాడవే,” అంది.

పాడింది. పల్లవి దాటేసరికి గొంతు బొంగురుపోయింది. చరణం సగంలో దగ్గొచ్చింది. “ఇంక రావడం లేదక్కా,” అని ఆపేసింది. ముక్కూమొహం తెలియని జనమంతా ఆమె గొంతు విన్నారు. తోబుట్టువులం మేం దగ్గు విన్నాం!

అయినా నేను మర్యాదస్తుణ్ణి. ఇంత ఉపకారం చేసిన కంపెనీకి వెంటనే కృతజ్ఞతలు తెలుపుతూ మెయిల్ పెట్టాను. జవాబు ఇంతవరకూ రాలేదు. పాపం, వాళ్ల విమానంలోనే పంపి ఉంటారు!